‘పనికి మనుషులు దొరకడం లేదు’ అనే ముందు

సంపాదకులు గారికి నమస్కారం.

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం... ఏ ఊళ్ళో నలుగురు వ్యాపారులు కలిసినా, ఏ ఫ్యాక్టరీ అధికారి నోరు విప్పినా ఒకటే మాట: "పనికి మనుషులు దొరకడం లేదండీ." అదే చుట్టుపక్కల పల్లెల నుంచి కుర్రాళ్ళు కేరళకూ చెన్నైకీ రైలెక్కి పోతున్నారు. ఈ రెండూ ఒకేచోట ఎలా నిజమవుతాయి?

నియామకాల పనిలో ఉన్నవాళ్ళుగా మేము చెప్పేది ఇదీ. మనుషులకు కరువు లేదు. ఖాళీ ఉందని చెప్పే తీరు, అడిగే అర్హతలు, పెట్టే పరీక్ష, మొదటి జీతం చేతికిచ్చే తేదీ, ఇవన్నీ కలిసి ఒకే రకం మనుషులను లోపలికి పంపుతున్నాయి. ఆడవాళ్ళు, కొండ పల్లెలవాళ్ళు, వికలాంగులు, వేరే భాష మాట్లాడేవాళ్ళు బయటే ఉండిపోతున్నారు. వాళ్ళు రాలేదని మనం అంటాం. మనం పిలిచింది వాళ్ళకు వినపడనే లేదు.

చాలాచోట్ల ఖాళీ సంగతి ముందు తెలిసేది లోపల పనిచేసేవాళ్ళకు. సాయంత్రానికి వాళ్ళ వీధికి, మర్నాటికి వాళ్ళ బంధువులకు తెలుస్తుంది. మూడోరోజుకు ఆ పనిలో మనిషి ఉంటాడు. ఖర్చు లేదు, తెలిసినవాడి పూచీ ఉంది, యజమానికి అంతకంటే ఏం కావాలి? ఇరవయ్యేళ్ళు ఇలా గడిచాక ఆ షెడ్డులో ఒకే ఊరివాళ్ళు, ఒకటి రెండు కులాలవాళ్ళు, అందరూ మగవాళ్ళు మిగులుతారు. ఆ ఊళ్ళో ఒక పెళ్ళి జరిగితే పదిమంది ఒకేరోజు సెలవు పెడతారు. అప్పుడు మళ్ళీ "మనుషులు దొరకడం లేదు."

సిఫారసులు మానేయమని అనం. మనిషిని తెచ్చినవాడికి ఇచ్చే బహుమానాన్ని మాత్రం కొంచెం మార్చాలి. చేరినరోజు కాకుండా 90 రోజులు నిలిచాక ఇవ్వాలి. ఇప్పటివరకు ఒక్కరూ లేని పంచాయతీ నుంచి మనిషిని తెచ్చినవారికీ, మహిళను తెచ్చినవారికీ ఎక్కువివ్వాలి. చేర్పించినందుకు మేస్త్రీలు మొదటి జీతంలో వాటా పుచ్చుకోవడం అందరికీ తెలిసిందే. కాబట్టి ప్రకటన కిందే "ఈ ఉద్యోగానికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు" అని పెద్ద అక్షరాల్లో వేసి, ఫిర్యాదుకు ఒక ఫోన్ నంబరు ఇవ్వాలి. ఆ నంబరు ఎత్తే మనిషి కూడా ఉండాలి.

కొండ పంచాయతీలకు కబురు చేరే దారి వేరు. పత్రికలో ప్రకటన, వాట్సాప్ గ్రూపులో పోస్టరు అక్కడిదాకా వెళ్ళవు. వెళ్ళినా చదివే భాష అది కాదు. రాయగడ కొండల్లో కువి, గుణుపురం నుంచి గజపతి జిల్లా దాకా సవర, కొరాపుట్ వైపు దేశియా మాట్లాడతారు. కాగితం మీద ఒడియాలో రాసి అంటించి ‘స్థానికులకు తెలియజేశాం’ అనుకుంటే కుదరదు. నలభై సెకన్ల మాటను ఆ భాష వచ్చిన మనిషితో చెప్పించి, రికార్డు చేసి, ఆశా కార్యకర్తల ఫోన్లకు పంపితే పోస్టరుకంటే దూరం పోతుంది. అంతకంటే మంచి చోటు సంత. చాటికోనలో బుధవారం, కుందులిలో శుక్రవారం కొండ దిగి వచ్చేవాళ్ళను ఒక్క పూటలో కలవవచ్చు. బల్ల వేసుకుని కూర్చునే ఇద్దరిలో ఒకరు వాళ్ళ భాష మాట్లాడేవారై ఉండాలి, ఒకరు ఆడమనిషై ఉండాలి. చెప్పాల్సినవి అయిదే: ఏం పని, చేతికి ఎంత వస్తుంది, ఏ వేళల్లో, బస్సు ఎక్కడి నుంచి, ఏ కాగితాలు. ఫోన్ లేని అమ్మాయిల పేరు పక్కన వాళ్ళ ఊరి అంగన్‌వాడీ కార్యకర్త నంబరైనా రాసుకోవాలి. మొదటి వారం వింటారు, ఇంటికెళ్ళి మాట్లాడుకుంటారు. పేరు రాయించుకోవడానికి వచ్చేది రెండో వారం. ఒక్క సంతకు వెళ్ళి ‘ఎవరూ ఆసక్తి చూపలేదు’ అని నివేదిక రాసేవాళ్ళు ఆ రెండో వారం వెళ్ళరు.

కాలం కూడా చూసుకోవాలి. ఆషాఢ శ్రావణాల్లో వరి నాట్లు, కార్తీకం దాటాక కోతలు. మాఘం నుంచి చింతపండు, కొండచీపుళ్ళు, తర్వాత ఇప్పపువ్వు, జీడిపిక్కలు, ఎండలు ముదిరాక బీడీ ఆకు. చైత్రంలో కొరాపుట్ వైపు పరబ్ వస్తే పల్లెకు పల్లె పండగలో ఉంటుంది. ఇప్పపువ్వు రోజుల్లో చేర్చుకుని, పది రోజులకు మనిషి రాకపోతే ‘వీళ్ళకు నిలకడ లేదు’ అని ముద్ర వేస్తారు. ఆ పది రోజుల అటవీ సరుకుతో ఇంటికి వచ్చే డబ్బు ఎంతో ఆ ముద్ర వేసినవారు లెక్క కట్టరు. కొత్త బ్యాచ్‌ను నాట్లు అయ్యాక, కోతలకు ముందు చేర్చుకోండి. చైత్రంలో ముందుగా చెప్పి తీసుకునే సెలవు నాలుగు రోజులైనా నిబంధనల్లోనే ఉంచండి. చెప్పాపెట్టకుండా పోవడం చాలావరకు తగ్గుతుంది.

ఇక అర్హతలు. గోదాములో హెల్పరు పనికి పదో తరగతి, ఐటీఐ, మూడేళ్ళ అనుభవం, సొంత బండి, ఒడియా, హిందీ, ఇంగ్లీషు అన్న ప్రకటనలు చూస్తూనే ఉంటాం. పాత ప్రకటనను తీసి, ప్రతిసారీ ఒక వరుస చేర్చడం వల్ల ఇలా తయారవుతాయి. ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. మొదటిరోజే రావాల్సినవి ఎడమ పక్కన, నెల రోజుల్లో నేర్పగలిగేవి కుడి పక్కన రాయండి. హెల్పరు విషయంలో ఎడమ పక్కన మిగిలేవి అంకెలు చదవడం, బరువు ఎత్తగలగడం, చెప్పింది అర్థం చేసుకోవడం, అంతే. సొంత బండి అన్న ఒక్క షరతుతోనే ఆడవాళ్ళలో చాలామంది ఆగిపోతారు. బండి పనికి అవసరమా, ఇంటి నుంచి రావడానికి అవసరమా? రెండోది అయితే అడగాల్సింది బండి గురించి కాదు, ‘సమయానికి రాగలరా’ అని.

భాష సంగతి మనవాళ్ళు కొంచెం ఓపిగ్గా వినాలి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు మిడిల్ స్కూలు స్థాయి ఒడియా చదవడం, రాయడం రావాలన్న షరతు ఉంది. అది ప్రభుత్వానికి. ప్రైవేటు సంస్థలు దాన్నే ఎత్తి తమ ప్రకటనల్లో వేసుకుంటున్నాయి. తెలుగు మాధ్యమంలో చదివిన సరిహద్దు పిల్లలకు ఒడియా ధారాళంగా మాట్లాడటం వచ్చు, లిపి రాదు. రాసే పనే లేని యంత్రం దగ్గరి ఉద్యోగానికి వాళ్ళను లిపి పరీక్ష పెట్టి పక్కన పెట్టడం అన్యాయం. ఈ మాట అనగానే మన పాఠకులు తల ఊపుతారు. మరి మన తెలుగువాళ్ళ దుకాణాలు, లాడ్జీలు, రైసు మిల్లులు, నర్సింగ్ హోములు ఏం చేస్తున్నాయి? ‘తెలుగు వచ్చినవారు, మనవాళ్ళయితే మంచిది’ అని నోటిమాటగా చెప్పుకుని తీసుకోవడం లేదా? మనకు తలుపు మూసుకుపోతే వివక్ష, మనం మూస్తే నమ్మకం. రెండువైపులా కొలత ఒకటే ఉండాలి: ఈ పనిలో ఏ భాష మాట్లాడాలి, ఏ భాష చదవాలి, ఏది రాయాలి? మూడింటినీ విడివిడిగా చూసి, అవసరమైనదానికే పరీక్ష పెట్టండి. రాయగడలాంటి ఊళ్ళో కౌంటరు దగ్గర తెలుగు, ఒడియా, కువి మూడూ వచ్చిన అమ్మాయి ఉంటే ఆ దుకాణానికే లాభం.

కాగితాల దగ్గర జరిగే నష్టం బయటికి కనపడదు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, ఒడియా పద్ధతిలో చివర. బడి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో స్పెల్లింగ్‌తో ఉంటుంది. కొండ పల్లెల్లో పుట్టినరోజు చాలామందికి జనవరి 1. ఆధార్‌తో కలవని పేరుకు పీఎఫ్ ఖాతా ముడిపడదు, డబ్బు జమ కాదు. అది తేలేది చేరిన రెండో నెలలో. అప్పుడు సెక్షన్ అధికారికి విసుగొచ్చి ‘ముందు కాగితాలు సరిచేసుకుని రా’ అని పంపేస్తాడు, ఆ మనిషి మళ్ళీ రాడు. ఇంటర్వ్యూ రోజునే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా ఉంటే ఏది ఎక్కడ మార్చాలో చీటీ మీద రాసివ్వాలి. ఆధార్ కేంద్రానికి వెళ్ళే రోజును పనిదినంగా లెక్కించాలి. మార్చాల్సింది బ్యాంకు పేరొక్కటే అయితే పని తేలిక.

పరీక్ష అంటే ఇంగ్లీషు ప్రశ్నపత్రం ఎందుకు? ప్యాకింగ్ పనికైతే పది పొట్లాలు తూచి, సీలు వేసి, లెక్క చెప్పమనండి. అందరికీ ఒకే పని, ఒకే సమయం, ఒకే మార్కుల కాగితం. ఇంటర్వ్యూలో ఆరు ప్రశ్నలు ముందే రాసుకుని అందరినీ అవే అడగాలి. ఇద్దరు విడివిడిగా ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేశాకే మాట్లాడుకోవాలి. ముందు మాట్లాడుకుంటే పెద్ద అధికారి అభిప్రాయమే ఇద్దరిదీ అవుతుంది. ‘ఎవరి తాలూకు?’, ‘పెళ్ళెప్పుడు?’, ‘పిల్లలెందరు?’ అన్న ప్రశ్నలు మార్కుల కాగితంలో లేవు కాబట్టి నోట్లోకీ రాకూడదు. కొండ నుంచి మొదటి బస్సు దిగేసరికి పది దాటుతుంది. ఇంటర్వ్యూ పదకొండున్నరకు పెట్టి, బస్సు ఛార్జీ, భోజనం ఇచ్చి, ఒకే రోజులో ముగించి, మూడు రోజుల్లో ఫలితం ఫోన్‌లో చెప్పాలి. వైద్య పరీక్ష ఖర్చు సంస్థదే కావాలి. ఆ ఖర్చు భరించలేకే ఎంపికైనవాళ్ళు కూడా ఆగిపోతుంటారు.

ఆడవాళ్ళ విషయంలో వినపడే మాట ‘ఇద్దరిని తీసుకున్నాం, నెలకే మానేశారు.’ నలభైమంది మగవాళ్ళున్న షెడ్డులో ఇద్దరిని వేస్తే మానేయడమే జరుగుతుంది. ఒకే షిఫ్టులో అయిదారుగురిని కలిపి చేర్చండి. ఆ లోగా లోపలి నుంచి గడియ, నీళ్ళు, మూత ఉన్న చెత్తడబ్బా ఉన్న మరుగుదొడ్డి పని స్థలానికి నడిచివెళ్ళే దూరంలో సిద్ధం కావాలి. సేఫ్టీ బూట్లు 4, 5 సైజుల్లో తెప్పించాలి. స్టోరులో 7 నుంచి మొదలవుతాయి, వదులు బూటుతో మెట్లెక్కితే ప్రమాదం. చేతి తొడుగులదీ ఇదే కథ. ఉదయం 6 గంటల షిఫ్టు అంటే నాలుగున్నరకే ఇల్లు వదలాలి. మొదటి బ్యాచ్‌ను జనరల్ షిఫ్టులో మొదలుపెట్టడం మేలు. రాత్రి 7 తర్వాత, ఉదయం 6 ముందు పని అంటే ఆ మహిళ సమ్మతి ఉండాలి, రక్షణ, రవాణా సంస్థ బాధ్యత. ఆ రవాణా గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా కాదు, ఇంటిదాకా. చీకట్లో నడవాల్సిన ఆ చివరి కిలోమీటరు దగ్గరే ఇంట్లోవాళ్ళు వద్దంటారు.

పదిమంది, అంతకు మించి పనిచేసే ఏ చోటైనా లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళ, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, ఒకరు బయటి వ్యక్తి. ఆ పేర్లు, ఫోన్లు గోడమీద ఒడియా, తెలుగు రెండింటిలో ఉండాలి. ఇక యజమానులు పైకి చెప్పని భయం ఒకటుంది, ప్రసూతి సెలవు ఖర్చు. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) పరిధిలో ఉండి, నిబంధన ప్రకారం చందా రోజులు నిండిన మహిళకు ఆ 26 వారాల భృతి చెల్లించేది ఈఎస్ఐ కార్పొరేషన్, యజమాని కాదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని దరఖాస్తులు పక్కన పడ్డాయో!

వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. చాలాచోట్ల ఆ కాగితం ఉంది, మెట్లు అలాగే ఉన్నాయి. ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే అరుగు ఎత్తు 45 సెంటీమీటర్లయితే ర్యాంపు పొడవు 5.4 మీటర్లు. మేస్త్రీలు స్థలం చాలక రెండు మీటర్లలో కట్టేస్తారు, చక్రాల కుర్చీ వెనక్కి ఒరుగుతుంది. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు కావాలి. వినపడనివారున్న చోట సైరన్‌తోపాటు వెలిగి ఆరే ఎర్ర దీపం కావాలి. ఏ పనిలో నిలబడాలి, ఎత్తాలి, వినాలి, చూడాలి అని పని పక్కన రాసుకుంటే కాటా దగ్గర, స్టోర్సు నమోదులో, కెమెరా తెరల ముందు, నమూనాలకు చీటీలు అంటించేచోట ఎన్ని సీట్లున్నాయో తెలుస్తుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల ఉద్యోగంలో వివక్ష కూడదని 2019 చట్టం చెబుతోంది. దరఖాస్తులో వాళ్ళకు గడి లేని ఫారాలను ఇప్పటికైనా మార్చాలి.

చేరాక మొదటి 90 రోజుల్లో మనుషులు పోయేది ఎక్కువగా డబ్బు దగ్గరే. అక్టోబరు 1న చేరినవాడికి జీతం నవంబరు 7న వస్తుంది. ముప్పై ఏడు రోజులు గది అద్దె, తిండి, బస్సు ఎలా? అప్పు చేస్తాడు, లేదా మూడో వారంలో ఇంటికి పోతాడు. మొదటి నెల మాత్రం వారం వారం ఇవ్వండి. లెక్కల విభాగం గొణుగుతుంది, గొణగనివ్వండి. ఇంకొకటి, జీతం 13,000 అని చెప్పి చేర్చుకుంటారు. మొత్తం మీద 12 శాతం చొప్పున పీఎఫ్ 1,560, ఈఎస్ఐ 98 పోను చేతికి 11,342. ముందుగా చెప్పకపోతే ఆ తేడా అతనికి మోసంగానే కనపడుతుంది. రెండు అంకెలూ ప్రకటనలోనే ఉండాలి. మెస్సుకూ బట్టలకూ కోత ఉంటే అదీ. కొత్తవాడికి తోడుగా అతని భాష వచ్చిన పాతమనిషిని ఎనిమిది వారాలు పెట్టి, ఆ తోడుకు కొంత భత్యం ఇవ్వండి. ఊరికే చెయ్యమంటే వారం తర్వాత ఎవరూ పట్టించుకోరు. ప్రమాద సూచనల బోర్డులు బొమ్మలతో ఉండాలి.

ముప్పై మంది, అంతకు మించి ఉన్న సంస్థ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను (పని నేర్చుకునేవాళ్ళను) తీసుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. కాంట్రాక్టు మనుషులు కూడా ఆ లెక్కలోకి వస్తారు. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న చిన్న సంస్థలకు అది ఐచ్ఛికం. కొత్తరకం మనుషులను తీసుకోవడానికి జంకే యజమానికి ఇంతకంటే మంచి దారి లేదు. ఏడాదిపాటు చూసి నిర్ణయించుకోవచ్చు.

కాంట్రాక్టరు ద్వారా తీసుకునే పెద్ద ఫ్యాక్టరీలకు పైన రాసినవేవీ ఆచరణలో అంటవు, కాంట్రాక్టరుకిచ్చే వర్క్ ఆర్డరులో రాయకపోతే. దరఖాస్తు, హాజరు, ఎంపిక, చేరిక, 90వ రోజు: ఈ అయిదు అంకెలను మహిళలకు, ఆదివాసులకు విడిగా ప్రతి నెలా ఇవ్వాలని బిల్లుకు ముడిపెట్టండి. వైకల్యం సంగతి ఇష్టమైనవాళ్ళు చెబితేనే రాసుకోవాలి. ఆ అంకెలు ఎక్కడ పడిపోతున్నాయో చూస్తే జబ్బు తెలుస్తుంది. 35 మంది మహిళలు దరఖాస్తు చేసి, 30 మంది పరీక్షకు వచ్చి, 12 మంది ఎంపికై, నలుగురే చేరారనుకోండి. ఇబ్బంది ప్రకటనలో లేదు, బస్సులోనో షిఫ్టులోనో వసతిలోనో ఉంది. దరఖాస్తులే మూడు వస్తే సంతకు మళ్ళీ వెళ్ళాలి.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. వర్గీకృత ప్రకటనల్లో ‘పురుషులు మాత్రమే’, ‘ఫలానా కులంవారికి ప్రాధాన్యం’ అన్నవి ఇంకా అచ్చవుతున్నాయి. నియామకంలో స్త్రీ పురుష భేదం కూడదన్న నియమం 1976 నాటి సమాన వేతన చట్టం నుంచే ఉంది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. అలాంటి ప్రకటన తెచ్చినవారికి ఆ వరుస తీసేస్తేనే అచ్చువేస్తామని మీ కౌంటరులో చెప్పించండి. ఖాళీ అయిన ఆ వరుసలో చేతికి వచ్చే జీతం, షిఫ్టు వేళ, బస్సు బయలుదేరే చోటు వేయమనండి.

ఇట్లు,
సిబ్బంది నియామకాల విభాగాల్లో పనిచేస్తున్న కొందరు,
రాయగడ, ఒడిశా